భూమిని కొలిచి కాలమును దిద్దిన ఇంజనీరు

రైలు కొరకు వేచియుండి గడియారము చూచుకొను ప్రయాణికునకు, ఆ ముల్లుల వెనుక ఒక సర్వేయరు కృషి కలదని తోచదు. ఆ సర్వేయరు సర్ శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్.

ఈతడు 1827 జనవరి 7వ తేదీన స్కాట్లండులోని కిర్కాల్డీ పట్టణమున జన్మించెను. చిన్ననాడే సర్వే పని అభ్యసించి, 1845లో కెనడా చేరెను. 1849లో సర్వేయరుగా అర్హత పొందెను. 1851లో వెలువడిన కెనడా తొలి తపాలా బిళ్ళపై బీవరు బొమ్మను రూపొందించినది ఈతడే.

1867లో కెనడా సమాఖ్య ఏర్పడిన పిమ్మట, తూర్పుతీర రాష్ట్రములను క్యూబెక్‌తో కలుపు ఇంటర్‌కలోనియల్ రైలుమార్గమునకు ఫ్లెమింగ్ ప్రధాన ఇంజనీరయ్యెను. వంతెనలను కొయ్యతో కట్టిన ఖర్చు తగ్గునని కమిషనర్లు పట్టుబట్టిరి. కొయ్య కుళ్ళును, కాలును. ఇనుము నిలుచునని ఫ్లెమింగ్ వాదించెను. వివాదము ప్రభుత్వము దాక పోయెను. తుదకు ఇంచుమించు అన్ని వంతెనలు ఇనుముతోనే లేచినవి. 1876లో మార్గము పూర్తి అయ్యెను.

ఈలోగా 1871లో పసిఫిక్ తీరమునకు వేయదలచిన మార్గము సర్వే కూడ ఈతని భుజముపై పడెను. మరుసటి సంవత్సరము స్వయముగా ఖండమును దాటి చూచెను. రాకీ పర్వతములలో ఎల్లోహెడ్ కనుమ అనువైనదని నిర్ణయించెను. కాని ఆలస్యము, వ్యయము గూర్చి విమర్శలు చెలరేగుటచే 1880లో పదవి వదలవలసివచ్చెను. కంపెనీవారు దక్షిణమున కికింగ్ హార్స్ కనుమను ఎన్నుకొనిరి. అయినను ఇరువదవ శతాబ్దమున వేరు కంపెనీలు ఎల్లోహెడ్ మీదుగనే పట్టాలు వేసినవి.

భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా డిగ్రీకి 4 నిమిషములు, 15 డిగ్రీలకు ఒక గంట. ఆనాడు ప్రతి ఊరికి తన మధ్యాహ్నమే ప్రమాణము. పొడవైన రైలుమార్గమున ఇది తీరని చిక్కు. 1876లో ఐర్లండులో కాలపట్టికలోని అచ్చుతప్పు వలన ఫ్లెమింగ్‌కు రైలు తప్పిపోయెనట. ప్రపంచమును 24 కాలమండలములుగా విభజింపవలెనని ఈతడు 1879లో ప్రతిపాదించెను. అమెరికాలో చార్లెస్ డౌడ్ వంటివారును అంతకుముందే ఇట్టి యోచన చేసియుండిరి. 1883 నవంబరు 18న ఉత్తర అమెరికా రైల్వేలు ప్రామాణిక కాలమును స్వీకరించినవి. 1884లో వాషింగ్టన్ సభ గ్రీన్విచ్‌ను మూలరేఖాంశముగా అంగీకరించెను. కాలమండలములను మాత్రము దేశములు ఒక్కొక్కటిగా అమలుజరుపుకొనినవి.

ఫ్లెమింగ్ 1915 జూలై 22న హాలిఫాక్స్‌లో మరణించెను. 1906 నుండి భారత ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము మన కాకినాడ సమీపముననే పోవుచున్నది. 82½ను 4 చేత గుణించిన 330 నిమిషములు వచ్చును. గ్రీన్విచ్ కంటె మన గడియారములు ఐదున్నర గంటలు ముందుండుటకు లెక్క ఇదియే.