ముసర రోగం, సూది పట్టిన కుర్రాళ్లు

మా పిన్ని కొడుకు ఒకడున్నాడు. పదో తరగతి పాసై పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో చేరాడు, రెండేళ్ల డిప్లొమా. మొన్న సెలవులకి వచ్చినప్పుడు "ఏరా, ఏం నేర్పిస్తున్నారు?" అని అడిగితే అరచెయ్యి చూపించాడు. తాడు ఒరుసుకుని చర్మం కమిలిపోయి ఉంది. మందుల పాఠాల కంటే ముందు గొడ్డుని పట్టుకోవడం నేర్పారట. తాడు ఎలా చుడితే ఆవు దెబ్బ తగలకుండా మెల్లగా పడుకుంటుంది, ఎక్కడ నిలబడితే వెనక కాలి తన్ను మనకి తగలదు, ఇవీ మొదటి పాఠాలు. తర్వాత తోక కింద థర్మామీటర్ పెట్టి జ్వరం చూడటం. ఆ తర్వాతే సూది.

వాడు ఇదంతా ఉత్సాహంగా చెప్తుంటే, పక్కనే కూర్చున్న మామయ్య ఒకాయన "ఎంత చేసినా డాక్టరువి కావు కదరా, కాంపౌండరువే కదా" అన్నాడు. వాడు తల దించుకుని ఫోన్ చూసుకున్నాడు. నాకు ఆ మాట భలే గుచ్చుకుంది. ఇవాళ్టి ఎపిసోడ్ అందుకే.

ఒక క్విజ్ ప్రశ్న అడుగుతాను. మనిషి ఈ భూమ్మీద పూర్తిగా లేకుండా చేసిన జబ్బులు ఇప్పటికి రెండే రెండు. ఒకటి మశూచి, అది అందరికీ తెలుసు. రెండోది? మనుషుల జబ్బు కాదు, గొడ్లది. రిండర్‌పెస్ట్. మన ఊళ్లలో పెద్దరోగం అన్నారు, ముసర రోగం అన్నారు. మీ తాతయ్య వ్యవసాయం చేసి ఉంటే ఒకసారి అడిగి చూడండి, ఆ పేరు వినగానే మొహం మారుతుంది.

జ్వరం వస్తుంది. కళ్ల వెంట, ముక్కు వెంట కారుతుంది. నోట్లో పుండ్లు పడతాయి, మేత మానేస్తుంది. తర్వాత ఆగకుండా పారుకుంటుంది. వారం పది రోజుల్లో గొడ్డు పోతుంది. అంతకుముందు ఈ వైరస్ ఎరగని మందలోకి వస్తే నూటికి 80, 90 పోయిన సందర్భాలున్నాయి. ఎద్దు పోతే దుక్కి లేదు, దుక్కి లేకపోతే పంట లేదు. 1880ల చివర్లో ఇది ఆఫ్రికాలో అడుగుపెట్టింది. ఇటలీ సైన్యం కోసం ఓడల్లో తెచ్చిన గొడ్లతో వచ్చిందనీ, ఆ గొడ్లు మన ఇండియావేననీ చరిత్రకారులు చాలామంది అంటారు. 1888 నుంచి 1892 దాకా ఇథియోపియాలో వచ్చిన ఘోరమైన కరువుకి ఇదొక పెద్ద కారణం.

అసలు పశువైద్యం అనే చదువు పుట్టడానికి కూడా ఈ రోగమే చాలావరకు కారణం. 18వ శతాబ్దంలో యూరప్‌లో గొడ్లు కుప్పలుగా చచ్చిపోతుంటే, ఫ్రాన్స్‌లో క్లోడ్ బూర్జెలా అనే ఆయన లియోన్ నగరంలో ప్రపంచంలోనే మొదటి పశువైద్య పాఠశాల పెట్టాడు. 1761లో అనుమతి వచ్చింది, మర్నాటి ఏడు తరగతులు మొదలయ్యాయి. ఈయన గుర్రపుస్వారీ అకాడమీ నడిపిన మనిషి. చేరిన కుర్రాళ్లలో గుర్రాలకి నాడాలు కొట్టే ఇళ్ల పిల్లలు చాలామంది. పుస్తకంతో పాటు కొలిమి దగ్గర పని కూడా పాఠమే. చదువు పూర్తయ్యేదాకా ఆగకుండా తొలి ఏళ్లలోనే వాళ్లని రోగం పడ్డ పల్లెలకి పంపారు. అంటే మా వాడు ఇప్పుడు ఫీల్డ్ ట్రైనింగ్ అని వెళ్తున్నది దాదాపు 260 ఏళ్ల పాత అలవాటు!

మన దేశంలో బ్రిటిష్ వాళ్లకి ముందు పట్టింది గుర్రాలు. సైన్యం కోసం 1862లో పుణేలో పశువైద్య పాఠశాల వచ్చింది, 1882లో లాహోర్‌లో కాలేజీ, 1903లో మద్రాసులో. పశువులకి వైద్యం చేసే దేశీ మనిషిని అప్పట్లో "సలోత్రి" అనేవారు. గుర్రాల వైద్యం మీద శాస్త్రం రాశాడని చెప్పే శాలిహోత్రుడి పేరే అలా మారింది. రాతల్లో ఇంగ్లీషు అధికారుల పేర్లు ఉంటాయి, సలోత్రుల పేర్లు మాత్రం ఎక్కడో ఒకటీ అరా.

ముసర రోగానికి మందు ఎవరు కనిపెట్టారో మనకి తెలుసు. నైనిటాల్ దగ్గర ముక్తేశ్వర్ ల్యాబ్‌లో 1920లలో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త వైరస్‌ని మేకల్లో పెంచి పెంచి బలహీనం చేశాడు. దాని మీదే మన టీకా తయారైంది. 1954లో దేశమంతా టీకా కార్యక్రమం మొదలుపెట్టారు. అయిదేళ్లలో 80 శాతం గొడ్లకి వెయ్యాలని లక్ష్యం. కాగితం మీద ఒక్క లైను. కానీ ఊహించండి, కరెంటు లేని ఊళ్లు, రోడ్డు లేని ఊళ్లు. టీకా వేడి తగిలితే పాడైపోతుంది, ఐసు కరిగేలోపు పని అయిపోవాలి. తెల్లారకుండా వెళ్లకపోతే గొడ్లు మేతకి వెళ్లిపోతాయి. "సూది వేస్తే పాలు తగ్గుతాయి" అని రైతు అడ్డం పడతాడు. ఆ రైతుని ఒప్పించి, కొమ్ములు పట్టించి, సూది వేసింది ఎక్కువగా వెటర్నరీ అసిస్టెంట్లు, టీకాలు వేసేవాళ్లు, స్టాక్‌మెన్. చిన్న కోర్సులు చేసి వచ్చినవాళ్లే.

రోగం బాగా తగ్గింది కానీ పోలేదు. మొండిగా మిగిలిపోయిన ప్రాంతాల్లో మన దక్షిణాది ఒకటి. 1990లలో పని తీరు మారింది. ఊరూరా తిరిగి, పశువుల సంతల దారుల్లో నిలబడి "ఈ మధ్య నోట్లో పుండ్లు, పారుడు ఎక్కడైనా చూశారా?" అని అడగడమే ఉద్యోగం అయింది. మన దేశంలో చివరి కేసు 1995లో తమిళనాడులో కనిపించింది. అయినా వెతకడం ఆపలేదు. లేదు అని నిరూపించడానికి ఏళ్లు పట్టింది.

నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క ఇథియోపియాలోని అఫార్ ప్రాంతానిది. ఎడారి, గొడవలు, ప్రభుత్వ జట్లు వెళ్లలేని చోటు. 1994లో అక్కడి పశువుల కాపరులకే కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, వేడిని తట్టుకునే టీకా చేతికిచ్చారు. మంద ఎప్పుడు ఎక్కడుంటుందో వాళ్లకి తెలుసు కదా, అందుకని పని జరిగింది. మరుసటి ఏడు తర్వాత ఆ దేశంలో రోగం మళ్లీ కనబడలేదు. 2011లో ప్రపంచం మొత్తం మీద రిండర్‌పెస్ట్ లేదని ప్రకటించారు.

ఇక మామయ్య మాట దగ్గరికొద్దాం. ఆయన చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. డాక్టరు చదువు అయిదున్నరేళ్లు, ఇది రెండేళ్లు, తేడా ఉంటుంది, ఉండాలి కూడా. 1984 చట్టం ప్రకారం డిప్లొమా చేసినవాళ్లు రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలోనే పని చెయ్యాలి. టీకాలు వెయ్యడం, విత్తు కొట్టడం, గాయాలకి కట్టు కట్టడం లాంటివి. చట్టం వీటిని "మైనర్" సేవలు అంది. అందులో మొట్టమొదట రాసింది ఏంటో చూశారా? టీకా! ముసర రోగాన్ని భూమ్మీద నుంచి తుడిచేసిన పని అదే. నాకైతే ఆ "మైనర్" అన్న మాట చదివి నవ్వొచ్చింది.

రిండర్‌పెస్ట్‌కి ఒక చుట్టం ఉంది, గొర్రెలు మేకలకి వచ్చే పీపీఆర్. మన దగ్గర పారుడు రోగం అంటారు. 2030 కల్లా దాన్ని కూడా లేకుండా చెయ్యాలని ప్రపంచం లక్ష్యం పెట్టుకుంది. నిన్న రాత్రి మా వాడికి మెసేజ్ పెట్టాను, ఎలా ఉన్నావురా అని. పొద్దున్నే రిప్లై వచ్చింది. "అన్నా, గొర్రెల మంద దగ్గరున్నాం. ఐసు కరిగిపోతోంది, తర్వాత మాట్లాడతా."