రోడ్డు ఎవరి సొత్తు?

మన పత్రిక చదివేవాళ్లలో సొంత కారు ఉన్నవాళ్లు తక్కువే. డ్యూటీకి క్యాంపు బస్సు, సరుకులకు సైకిలు, ఇంటికి డబ్బు పంపాలంటే కాలినడక. ఊళ్లో ఉన్నప్పుడూ మనలో చాలామందికి అదే బతుకు. అందుకే రోడ్డు సంగతి మనకు పట్టనిది కాదు.

కెనడా అంటే కార్ల దేశం అంటారు. నిజమే. కాని ఇక్కడి పెద్ద నగరాలు కొన్ని కార్లకు పూర్తిగా లొంగిపోలేదు. లొంగకుండా ఆపింది ఇంజనీర్లు కాదు, మంత్రులూ కాదు. ఆ వీధుల్లో నడిచేవాళ్లు. వాళ్ల చరిత్ర తెలిస్తే మన హైదరాబాద్ గురించి కూడా కొంత ఆలోచించుకోవచ్చు.

సైకిలుకు బిళ్ల

మన పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఒకప్పుడు మన మునిసిపాలిటీల్లో సైకిలుకు పన్ను కట్టి బిళ్ల వేయించుకోవాలి. రాత్రిపూట దీపం లేకపోయినా, డబుల్స్ వెళ్లినా పోలీసు ఆపి చక్రంలో గాలి తీసేసేవాడు. ఇది మన దగ్గరే అనుకుంటే పొరపాటు. టొరంటోలో కూడా 1935 నుంచి సైకిలుకు లైసెన్సు ఉండేది. 1957లో ఎత్తేశారు. చిన్నపిల్లలు తెలియకుండానే చట్టం తప్పినవాళ్లు అవుతున్నారనీ, పిల్లలకూ పోలీసులకూ మధ్య సఖ్యత చెడుతోందనీ నగరపాలకులు కారణం చెప్పారు.

ఆ కారణంలోనే అసలు విషయం ఉంది. యుద్ధం అయిపోయాక జీతాలు పెరిగాయి, కార్లు వచ్చాయి. పెద్దవాళ్లు సైకిలు దిగి కారెక్కారు. సైకిలు పిల్లల ఆటవస్తువు అయిపోయింది. ఆ తర్వాత రోడ్డు వేసేటప్పుడు సైకిలువాడిని లెక్కలోకి తీసుకునేవాళ్లే కరువయ్యారు.

టొరంటోలో ఆగిన రహదారి

1960లలో టొరంటో నగరం మధ్యకు స్పడైనా ఎక్స్‌ప్రెస్‌వే అనే పెద్ద రహదారి తేవాలని పథకం వేశారు. ఉత్తరం వైపు పని మొదలైంది కూడా. దక్షిణానికి వస్తే ఇళ్లు పోవాలి, చెట్లు పోవాలి, వీధులు రెండుగా చీలాలి. అక్కడి జనం కమిటీలు కట్టారు. జేన్ జేకబ్స్ అనే రచయిత్రి వాళ్లతో కలిసింది. న్యూయార్క్‌లో ఇలాంటి రోడ్డు మీదే పోరాడి, వియత్నాం యుద్ధానికి కొడుకులను పంపడం ఇష్టం లేక 1968లో కుటుంబంతో టొరంటో వచ్చేసిన మనిషి ఆమె. అంటే ఆమె కూడా వలస వచ్చినదే.

1971 జూన్ 3న ఒంటారియో ప్రీమియర్ బిల్ డేవిస్ ఆ రోడ్డు ఆపేస్తున్నట్టు ప్రకటించాడు. కార్ల కోసమే కడుతున్నామంటే ఈ రోడ్డుతో మొదలుపెట్టవచ్చు, మనుషుల కోసమైతే ఇక్కడే ఆపాలి అన్నది ఆయన మాటల సారం. ఆ రోడ్డు చివరికి ఎగ్లింటన్ దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు దాని పేరు అలెన్ రోడ్. 1978లో ఆ వైపే మెట్రో రైలు నడిచింది.

వాంకూవర్: గెలిచిన వీధి, ఓడిన వీధి

మనలాంటివాళ్లు మరీ తెలుసుకోవలసింది వాంకూవర్ కథ. అక్కడ 1947 దాకా చైనావాళ్లకు ఓటు లేదు, మన భారతీయులకూ లేదు. చైనా కుటుంబాలు ఎక్కువగా ఉండే స్ట్రాత్‌కోనా పేటను పాత ఇళ్ల పేట అని కూల్చడం మొదలుపెట్టారు. దానికి తోడు 1967లో చైనాటౌన్ మీదుగా ఫ్రీవే పథకం బయటికి వచ్చింది. ఊరంతా గొడవ చేసింది. 1968లో స్ట్రాత్‌కోనావాళ్లు సంఘం పెట్టుకున్నారు. మేరీ లీ చాన్ అనే తల్లి, షర్లీ చాన్ అనే కూతురు ఇంటింటికీ తిరిగి జనాన్ని కూడగట్టారు. కూల్చడం ఆగింది, ఫ్రీవే కూడా ఆగింది. నగరం నడిబొడ్డులో ఫ్రీవే లేని పెద్ద నగరంగా వాంకూవర్‌కు పేరు రావడానికి కారణం అదే.

అయితే అందరూ గెలవలేదు. ఆ పక్కనే హోగన్స్ ఆలీ అని నల్లజాతివాళ్ల చిన్న పేట ఉండేది. ఫ్రీవేలో భాగంగా తలపెట్టిన జార్జియా వయాడక్ట్ వంతెన 1972లో పూర్తయింది. ఆ పేట చాలావరకు దాని కింద పోయింది. మంది తక్కువ, గొంతు తక్కువ. ఒకే పథకం, రెండు పేటలు, రెండు రకాల ఫలితాలు.

మాంట్రియల్‌లో సైకిలు నాటకాలు

1975లో మాంట్రియల్‌లో రాబర్ట్ సిల్వర్‌మన్, క్లేర్ మొరిసెట్ మొదలైనవాళ్లు ల మోండ్ ఆ బిసిక్లెట్ అనే సంఘం పెట్టారు. వాళ్ల పోరాటం నవ్విస్తూ సాగింది. మెట్రోలో సైకిలు ఎక్కనివ్వడం లేదని, నిచ్చెనలూ స్కీలూ పట్టుకుని రైలెక్కారు. ఇవి పట్టినప్పుడు సైకిలు ఎందుకు పట్టదని అడిగారు. రోడ్ల మీద చచ్చినట్టు పడుకుని ప్రమాదాలను గుర్తుచేశారు. సెయింట్ లారెన్స్ నది దాటడానికి సైకిలు దారి లేదని సిల్వర్‌మన్ మోషే ప్రవక్త వేషం కట్టి, నీళ్లు రెండుగా చీలమని నదిని అడిగాడు. నది చీలలేదు గాని పత్రికలన్నీ రాశాయి. రాత్రిపూట రోడ్డు మీద సైకిలు గీతలు తామే గీసినందుకు అతను జైలుకు కూడా వెళ్లాడు.

1980లలో మెట్రోలోకి సైకిలు ఎక్కింది. క్రమంగా దారులు వచ్చాయి. 2007లో క్లేర్ మొరిసెట్ చనిపోతే, మరుసటి ఏడు నగరం నడిమధ్య దె మెజొన్నవ్ వీధిలోని సైకిలు దారికి ఆమె పేరు పెట్టారు. 2009లో బిక్సీ అద్దె సైకిళ్లు వచ్చాయి.

గెలిచింది శాశ్వతం అనుకోవడానికి లేదు. టొరంటోలో బ్లూర్, యంగ్, యూనివర్సిటీ వీధుల సైకిలు దారులు తీసేయడానికి 2024లో ఒంటారియో ప్రభుత్వం చట్టం చేసింది. అలా తీసేయడం రాజ్యాంగానికి విరుద్ధమని 2025 జూలైలో కోర్టు చెప్పింది. ఏభై ఏళ్ల తర్వాత కూడా తగువు సాగుతూనే ఉంది.

ఇక మన హైదరాబాద్

హైదరాబాద్ 1591లో పుట్టింది. చార్మినార్, చార్ కమాన్, గుల్జార్ హౌజ్ అన్నీ మనిషి, గుర్రం, పల్లకీ కొలతలతో కట్టినవి. 1908 మూసీ వరద తర్వాత 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. ఆ బోర్డు కాలంలో వచ్చిన పత్తర్‌గట్టీ చూడండి. దుకాణాల ముందు రాతి వరండా ఉంటుంది. ఎండలో, వానలో జనం దాని కింద నడుస్తారు. నడిచేవాడిని లెక్కలో పెట్టుకుని కట్టిన కట్టడం అది.

ఆ తర్వాత ఆ లెక్క పోయింది. ఫ్లైఓవర్లు వచ్చాయి, కింద ఫుట్‌పాత్‌లు పోయాయి. ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్లు, పార్కింగ్. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి నడక ప్రాంతం చేసే పథకం ఏళ్ల తరబడి సాగింది. అక్కడ గాజులు, పండ్లు అమ్ముకునే తోపుడుబండ్లవాళ్ల భయం వేరు. నడకదారి పేరుతో తమను ఎక్కడికి తోస్తారోనని. హోగన్స్ ఆలీ కథ ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. వీధి వ్యాపారుల హక్కుల కోసం 2014లో కేంద్రం చట్టం చేసింది. అది అమలైతేనే నడిచేవాడికీ, అమ్ముకునేవాడికీ ఇద్దరికీ చోటు దొరుకుతుంది.

2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం బండ్లను కాదు, మనుషులను కదిలించాలి అంది. మాట మంచిదే. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల నీడ కూడా ఉంది. పొద్దున్నే వ్యాయామానికి వచ్చేవాళ్లకు బాగుంటుంది. కాని పాతబస్తీ నుంచి డ్యూటీకి వెళ్లే వాచ్‌మన్ సైకిలుకు అది దారి కాదు. పనికి పోయే దారిలో గీసిన చిన్న గీత అతనికి అంతకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మన మాట

ఒంటారియోలో లీమింగ్టన్ చుట్టుపక్కల పొలాల్లో, గ్రీన్‌హౌసుల్లో పనిచేసే మెక్సికో, జమైకా కూలీలు సైకిళ్ల మీదే తిరుగుతారు. అంచు లేని, దీపాలు లేని పల్లె రోడ్లవి. వాళ్లకైనా మనకైనా చట్టం ఒకటే. చీకట్లో సైకిలుకు ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం లేదా రిఫ్లెక్టరు, ఒక గంట ఉండాలి. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా ఎడమవైపు నడవాలి. సైకిలును దాటే కారు వీలైనంతవరకు ఒక మీటరు దూరం ఇవ్వాలని 2015 నుంచి ఒంటారియోలో నియమం. ఆ మీటరు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు.

స్ట్రాత్‌కోనా తల్లీకూతుళ్లకు పదవులు లేవు, కార్ల కంపెనీలు లేవు. ఇంటింటికీ తిరిగే కాళ్లు ఉన్నాయి. క్యాంపు ముందు రోడ్డుకు దీపం కావాలన్నా, ఊళ్లో అమ్మ రోడ్డు దాటడానికి జీబ్రా గీతలు కావాలన్నా ముందు పదిమంది సంతకాలు కావాలి. ఈ ఆదివారం మెస్సులో కూర్చున్నప్పుడు ఒక కాగితం తీయండి.