సర్కారు తుమ్మ

సర్కారు తుమ్మ చౌడు నేలల్లోనూ, వాన ఎరగని మెట్టల్లోనూ పెరిగే ముళ్ళ పొద. ఒంటికాడగా సాకితే మధ్యరకం చెట్టవుతుంది. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో దీన్ని కంపచెట్టు, సర్కారు కంప అంటారు. హిందూపురం దగ్గరి కన్నడ పల్లెల్లో జాలి అంటారు, కోస్తాలో చిల్లచెట్టు. శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. 2022లో వృక్షశాస్త్రజ్ఞులు ఆ పాత ప్రజాతిని విడగొట్టాక నెల్టూమా జూలిఫ్లోరా అన్న పేరు కూడా వచ్చింది. దసరాకు పూజలందుకునే జమ్మి మాత్రం ప్రోసోపిస్‌గానే మిగిలింది. అంటే ఊరందరూ తిట్టుకునే కంపకూ, ఊరందరూ మొక్కే జమ్మికీ చుట్టరికం అనుకున్నంత దగ్గరిది కాదు.

దీని పుట్టిల్లు మధ్య అమెరికా, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర తీరం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఇది లేని చెరువు, వంక, రైలుకట్ట వెదికినా దొరకవు. అయినా ఇది ఇక్కడికి తనంతట తాను రాలేదు, పిలిపించుకున్నదే.

రాక

1876లో మద్రాసు అటవీశాఖ అధికారి ఆర్.హెచ్. బెడ్డోమ్ ఎండిన జిల్లాల్లో నాటడానికి ఈ విత్తనాలు కావాలని రెవెన్యూ శాఖకు రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. దక్షిణ భారతంలో ఈ చెట్టుకు తొలి చిరునామాగా చెప్పేది అదే. అది దత్తమండలాలను పెద్ద కరువు పీడిస్తున్న కాలం. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం తాలూకాలు అప్పటికింకా బళ్ళారి జిల్లాలో ఉన్నాయి. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. అడవులు తరిగి వంటచెరుకు కరువైన నేలకు, నీళ్ళు అడగని, పశువులు ఆకు ముట్టని చెట్టు వరంలాగే కనిపించి ఉంటుంది. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దీనికి రాజవృక్షమని హోదా కూడా ఇచ్చింది.

రూపం

ఎత్తు మామూలుగా 3 నుంచి 12 మీటర్లు. కణుపు కణుపుకూ జంటగా ముళ్ళుంటాయి. చెప్పు అడుగును, సైకిల్ టైరును సులువుగా దాటిపోతాయి, విరిగి లోపల మిగిలితే చీము పడుతుంది. ఆకులు చింతాకును పోలినవి, సన్నటి రెమ్మల జంటలు. పూలు లేత పసుపు కంకులు, తేనెటీగలకు ఇష్టం. కాయ జానెడు లోపు పొడవు, పండితే పసుపు రంగు, గుజ్జు తియ్యగా ఉంటుంది. వేరు రెండు తీరులు: ఒకటి నిలువునా లోతుకు దిగుతుంది, మరొకటి పైపొరలో అడ్డంగా పాకి చిరుజల్లును కూడా పట్టుకుంటుంది. ఈ ప్రజాతికి చెందిన చెట్టు వేరు అమెరికాలో అరిజోనా గనిలో 53 మీటర్ల లోతున కనిపించింది.

చౌడును తట్టుకునే తీరు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ. మెరక మీద ఎర్ర గరప నేలలు. పల్లంలో, చెరువుల వెనకాల, కాలువల పక్కన చౌడు. పాలచౌడులో ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది. కారుచౌడులో సోడియం మట్టిని బిగించి, తడిస్తే బురద, ఆరితే రాయి చేస్తుంది. రెండింట్లోనూ బతికే కలప మొక్కలు తక్కువ. సర్కారు తుమ్మ ఉదజని సూచిక 10 దాటిన నేలలో కూడా నిలబడుతుంది.

ఉప్పు చాలావరకు వేరు దగ్గరే ఆగిపోతుంది. లోపలికి వచ్చిన సోడియాన్ని కణాల్లోని రిక్తికల్లో విడిగా దాచి, ప్రోలీన్ వంటి పదార్థాలు పోగుచేసుకుని నీటిని నిలుపుకుంటుంది. వేర్ల బుడిపెల్లోని బాక్టీరియా నత్రజనిని పడతాయి కాబట్టి సారం లేని నేల దీనికి లోటు కాదు. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీని నుంచి కరువును తట్టుకునే జన్యువులను వేరుచేసి, వాటిలో ఒకదాన్ని పొగాకు మొక్కలో పెట్టి పరీక్షించారు. పంటల శాస్త్రం కలుపు దగ్గర అప్పు చేసిన సందర్భాల్లో ఇదొకటి.

దీని నీడన కొన్నేళ్ళు గడిస్తే చౌడు తీవ్రత తగ్గుతుంది. రాలిన ఆకు కుళ్ళి సేంద్రియ పదార్థం పెరుగుతుంది, వేర్లు గట్టిపొరను చీల్చడంతో నీళ్ళు దిగుతాయి. హర్యానాలోని కర్నాల్‌లో 1969లో ఏర్పడిన కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ దీన్ని చౌడును తట్టుకునే గడ్డితో కలిపి పెంచి ఈ మార్పును చూపించింది.

నాటడం

కావాలని నాటే రైతు ఈ జిల్లాల్లో ఇప్పుడు అరుదు. అయితే ఏ పంటా రాని కారుచౌడులో కట్టె కోసం దీన్ని పెంచే పద్ధతి తెలిసి ఉండటం మంచిది. విత్తనం పెంకు గట్టిది. మరిగించి దించిన నీళ్ళలో వేసి, రాత్రంతా నాననిస్తే మొలక సమంగా వస్తుంది. సంచుల్లో మూణ్ణాలుగు నెలలు పెంచి, తొలకరి తరవాత నాటాలి.

మామూలు నేలలో చిన్న గుంత చాలు. కారుచౌడులో మాత్రం అడుగున సున్నపు గట్టిపొర ఉంటుంది. దాన్ని చీల్చకుండా నాటితే ఏ మొక్కా నిలవదు. కర్నాల్ సంస్థ చూపిన దారి ఇది: బర్మాతో జానెడు లోపు వెడల్పున, మీటరుకు పైగా లోతున నిలువు రంధ్రం తొలిచి, తవ్విన మట్టిలో 3 కిలోల జిప్సం, 8 కిలోల పశువుల ఎరువు కలిపి తిరిగి నింపాలి. వేరు ఆ మెత్తటి దారిన దిగి గట్టిపొర కిందికి చేరుకుంటుంది. కట్టె కోసమైతే మొక్కల మధ్య రెండు మూడు మీటర్ల ఎడం సరిపోతుంది. మొదటి ఎండాకాలంలో రెండు మూడు తడులు ఇస్తే చాలు, ఆ తరవాత దాని దారి అదే చూసుకుంటుంది. మేకలు కూడా లేత ఆకు జోలికి పెద్దగా పోవు కాబట్టి కంచె కట్టే ఖర్చు తప్పుతుంది.

కత్తిరింపు

ఈ చెట్టు సంరక్షణంతా మచ్చుకత్తిలోనే ఉంది. నిలదొక్కుకున్నాక నీరు, ఎరువు, కాపలా దీనికి అక్కర్లేదు. వదిలేస్తే చెడుతుంది, తప్పుగా నరికితే మరింత చెడుతుంది. నేల మట్టానికి నరికిన మోడు నుంచి పదీ ఇరవై పిలకలు ఒక్కసారిగా లేస్తాయి. ఏడాది తిరిగేసరికి మనిషి దూరలేని గుబురు తయారు. కంప పెరిగిందని ఊరివాళ్ళు ఏటా నరుకుతూ, నరికినందుకే అది పొదగా మారుతోందని గమనించకపోవడం ఎన్నో చెరువుల కథ.

ఒంటికాడ చెట్టు కావాలంటే మొదటి ఏడాది నుంచే పని మొదలుపెట్టాలి. పిలకల్లో నిటారుగా ఉన్న బలమైన ఒక్కదాన్ని, అవసరమైతే రెంటిని ఉంచి మిగతావి మొదలంటా కోయాలి. చెట్టు ఎత్తులో కింది సగం దాకా పక్కకొమ్మలు తీసేయాలి. మోడు మళ్ళీ పిలకలు వేస్తుంది. ఏటా ఒకసారి వాటిని తీస్తూ ఉండాలి. రెండు మూడేళ్ళలో పై నీడ కమ్ముకున్నాక పిలకల జోరు తగ్గుతుంది. అప్పుడు కింద గడ్డి పెరుగుతుంది, పశువు నిలబడుతుంది, మనిషి నడవగలుగుతాడు.

ఎండాకాలంలో కోసిన ముళ్ళకొమ్మలు వృథా పోవు. వేరుశనగ చేలకు, దొడ్లకు కంపకంచె వేసేది వీటితోనే. ముల్లు ఆరితే ఇంకా గట్టిపడుతుంది. పని చేసేవాళ్ళు పొడవాటి కొక్కెపు కర్రతో కొమ్మను లాగి, దూరం నుంచి నరుకుతారు. తోలు చెప్పులు వేసుకోవడం, మందపాటి గుడ్డ చేతికి చుట్టుకోవడం తప్పనిసరి.

ముల్లు తక్కువ రకాలు లేకపోలేదు. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ పెరూ తదితర దేశాల నుంచి ముళ్ళు లేని దగ్గరి జాతులు తెప్పించి పరీక్షించింది, మంచి చెట్టు కొమ్మను ముళ్ళ మొదలుకు అంటుకట్టే పద్ధతి కూడా ఉంది. అవి మన పల్లెల దాకా రాలేదు.

కట్టె, బొగ్గు, కాయ

కట్టె బరువైనది, పచ్చిగా ఉన్నా మండుతుంది, నిప్పురవ్వలు చిమ్మదు, నిదానంగా కాలుతుంది. అయిదేళ్ళకొకసారి కోసినా మోడు మళ్ళీ ఇస్తుంది. పల్లె పొయ్యికి, బయోమాస్ విద్యుత్ కేంద్రాలకు ఇదే ఇంధనం. బొగ్గుల బట్టీలో కట్టెను పేర్చి, ఆకు, మట్టి కప్పి, గాలి రంధ్రాలు చిన్నవి వదిలి కొన్ని రోజులు కాలుస్తారు. మట్టి బట్టీలో కిలో బొగ్గుకు నాలుగైదు కిలోల కట్టె పోతుంది. కరువు ఏడాదిలో వేరుశనగ ఎండిపోయినప్పుడు కూలి దొరికేది ఈ కంపలోనే అన్న సంగతి దీన్ని పెకలించమనే వాళ్ళు మరవకూడదు.

కాయలో మాంసకృత్తులు సుమారు 12 శాతం, చక్కెర పుష్కలం. ఎండాకాలంలో గొర్రెలకు, పశువులకు మేత అదే. కానీ రెండు జాగ్రత్తలున్నాయి. దాణాలో అయిదో వంతు మించితే, అదీ నెలల తరబడి తింటే, పశువులకు దవడ కండరాలు పట్టు తప్పి నమలలేని జబ్బు వస్తుంది. కాయలోని ఆల్కలాయిడ్లు నరాలను దెబ్బతీయడమే కారణం. కెన్యాలోని బరింగో ప్రాంత కాపరులు ఈ కాయలు తిని పళ్ళు ఊడిన మేకను ఏకంగా న్యాయస్థానానికి తీసుకెళ్ళారు.

రెండోది విత్తనం సంగతి. పశువు కడుపులో విత్తనం చావదు, పెంకు మెత్తబడి పేడతో బయటపడి, ఎరువుతో సహా మొలుస్తుంది. మేతకు తోలిన ప్రతి చోటా చెట్టు లేవడానికి కారణం ఇది. కాయలు ఏరి, ఎండబెట్టి, విత్తనంతో సహా పిండి కొట్టి పెడితే మేతా దక్కుతుంది, వ్యాప్తీ ఆగుతుంది. ఈ ఒక్క పని ఊరూరా జరిగితే నరకడానికయ్యే ఖర్చులో ఎంతో మిగులుతుందని నా అంచనా.

చెరువులూ, పెన్నా

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ విజయనగర కాలం నాటి చెరువులు ఎన్నో ఉన్నాయి. 1565 తరవాత రాజధాని పెనుకొండకే మారింది కదా. చెరువు ఏళ్ళ తరబడి నిండకపోతే పూడిక మీద మొదట మొలిచేది ఈ కంపే. కట్ట మీద లేచిన చెట్టు వేర్లు రాతి కట్టుబడిని చీల్చుతాయి, కాలువలో లేచినది నీటిని ఆపుతుంది. పెన్నా ఇసుకలోనూ, చిత్రావతి గట్లమీదా అదే కథ. నీళ్ళు వచ్చిన ఏడాది చెట్టు మునిగి కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది, తిరిగి లేస్తుంది. భూగర్భ జలాలన్నీ ఇదే తాగేసిందన్న మాట జిల్లాలో తరచూ వినిపిస్తుంది. లోతు వేరున్న చెట్టు నీళ్ళు తాగకుండా ఉండదు. కానీ బోర్ల మీద బోర్లు వేసిన జిల్లాలో నేరమంతా కంప మీదికి నెట్టడం న్యాయం కాదు.

తొలగింపు

నీరు-చెట్టు, ఉపాధి హామీ పనుల్లో కంప తొలగింపు ఎన్నో చెరువుల్లో జరిగింది. పైన నరికి వదిలేసిన చోట చాలావరకు తిరిగి మొలిచింది. తిరిగి మొలిచే మొగ్గలన్నీ వేరు మెడలో, నేల మట్టానికి కొద్దిగా కింద ఉంటాయి. జానెడు నుంచి మూరెడు లోతు తవ్వి ఆ మెడ కిందికి కోస్తేనే చెట్టు చస్తుంది. జేసీబీతో పైపైన దున్నితే మెడ తెగకుండా మిగులుతుంది. మట్టిలో విత్తనాలు ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి కాబట్టి, ప్రతి వానాకాలం తరవాత వేలెడు మొక్కలను చేత్తో పీకడం వరసగా కొన్నేళ్ళు సాగాలి. 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం తమిళనాడులో దీన్ని తొలగించాలని ఆదేశించింది. అక్కడా మొదటి నరుకుడు కన్నా తరవాతి కాపలాయే కష్టమైంది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో విత్తనాలు తొలిచే పురుగులను వదిలారు.

ఖాళీ చేసిన నేలను ఖాళీగా వదలకూడదు. చౌడుకు కానుగ, రేగు తట్టుకుంటాయి, మెట్టకు తంగేడు, సీతాఫలం, వాక్కాయ. చెన్నేకొత్తపల్లి కేంద్రంగా 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ దగ్గరి గుట్టల్లో కల్పవల్లి పేరుతో ఉమ్మడి బీళ్ళను కాపాడింది. అక్కడ నిప్పునూ, విచ్చలవిడి మేతనూ ఆపడంతో స్థానిక గడ్డి, పొదలు వాటంతటవే తిరిగి లేచాయి. కంప నరికిన చెరువు గట్టున కూడా మొదటి రెండేళ్ళు పశువులను ఆపి, కానుగ మొక్కలకు వేసవిలో తడి పెట్టగలిగితే, తిరిగొచ్చే కంపకు అవి నీడ పరిచి అడ్డు నిలుస్తాయి. నీడలో ఈ మొక్క మొలిచినా ఎదగలేదు.