బ్రహ్మనాయుడికి ఒక లోపం రాయండి

ఈ ఎపిసోడ్ నరసరావుపేట నుంచి ఒక కుర్రాడు అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. వాళ్లు నలుగురైదుగురు స్నేహితులు ఆదివారాలు కూర్చుని రోల్‌ప్లే ఆటలు ఆడతారట. అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట. ఈసారి పల్నాటి యుద్ధం పెట్టుకున్నారు. ఇతను బాలచంద్రుడు. "సార్, రెండు వారాలకే బోరు కొట్టేసింది. మావాడు ఎప్పుడూ గెలుస్తాడు, ఎప్పుడూ మంచివాడే. ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే పల్నాటి కథలో మచ్చలేని మనిషి ఒక్కడూ లేడు. మచ్చలన్నీ తుడిచేసింది మనమే.

ఈ ఆటల చరిత్ర ఒక్క మాటలో చెప్పేస్తాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చారు. అప్పట్లో పాత్ర అంటే ముఖ్యంగా బలమెంత, తెలివెంత అనే అంకెలు. 2014లో వచ్చిన ఐదో కూర్పుకి వచ్చేసరికి ప్రతి పాత్రకీ ఆశయం, అనుబంధం, వాటి పక్కనే ఒక లోపం రాసుకోమన్నారు. మన కుర్రాడు ఆ గడిలో ఏం రాశాడో తెలుసా? 'కోపం ఎక్కువ' అని. అంతే. ఆ కోపం వల్ల కథలో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. నష్టం లేని లోపం లోపం ఎలా అవుతుందండీ?

ఇప్పుడు కారంపూడి వెళ్దాం. పన్నెండో శతాబ్దం చివర్లో జరిగిందంటున్న దాయాదుల పోరు ఇది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు. అటు మంత్రి నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. మన చేతికి వచ్చిన కావ్యం శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపద. దాన్ని 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు అచ్చు వేయించారు. ఊళ్లలో పాడే కథ వేరే ఉంది. జీన్ రోగేర్ అనే అమెరికన్ పండితుడు పిచ్చుకుంట్ల గాయకుడు అలిసెట్టి గాలెయ్య పాడిన కథను ఇంగ్లీషులోకి తెచ్చి, 1982లో పుస్తకం వేశాడు. కాబట్టి నేను చెప్పేది శాసనాల చరిత్ర కాదు, కథ మనుషుల్ని ఎలా నిలబెట్టింది అన్నది.

బ్రహ్మనాయుణ్ణి చూడండి. చాపకూడు పెట్టి అన్ని కులాల వాళ్లనీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టినవాడు. మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకుని సేనాపతిని చేసినవాడు. తాను అనుకున్నది ధర్మమైతే లోకం ఏమన్నా వెనక్కి తగ్గడు. సరే, అదే మనిషి కోడిపందెం దగ్గర ఏం చేశాడు? ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలిపోవాలంటే సరేనన్నాడు! పందెంలో ఉన్నది ఆయన కోడి, పోయింది మాచర్ల జనం ఇల్లూ వాకిలీ. చాపకూడు పెట్టించిన ఆ నమ్మకమే పందెమూ కట్టించింది. నన్నడిగితే ఆయన లోపం గడిలో జూదం అని రాయకూడదు. 'తన మాట మీద తనకున్న నమ్మకానికి ఊరందర్నీ ఒడ్డుతాడు' అని రాయాలి. అప్పుడు చూడండి, ఆట ఎలా నడుస్తుందో.

బాలచంద్రుడి సంగతి ఇంకా కష్టం. యుద్ధం ముంచుకొస్తుంటే బొంగరం ఆడుకుంటున్నాడు. ఆ బొంగరం అన్నమ కాలికి తగిలి, ఆమె నాలుగు మాటలు అనేసరికి ఒళ్లు మండింది. యుద్ధానికి బయల్దేరాడు. బ్రాహ్మణ స్నేహితుడు అనపోతుని యుద్ధానికి తీసుకెళ్లొద్దని మాంచాల మాట తీసుకుంది. ఇతనేమో ఆ సంగతి స్నేహితుడితో చెప్పలేక, వస్తువేదో మర్చిపోయానని వంక పెట్టి వెనక్కి పంపాడు. అసలు విషయం తెలిసి అనపోతు ప్రాణం తీసుకున్నాడు. ప్రాణం కాపాడదామని ఆడిన అబద్ధం అది! ఆ తర్వాత రణరంగానికి వెళ్తే, అక్కడ సంధి మాటలు నడుస్తున్నాయి. ఇతను ఒప్పుకోలేదు. యుద్ధం జరిగింది.

గ్రెగ్ స్టాఫోర్డ్ 1985లో 'పెండ్రాగన్' అనే ఆట తెచ్చాడు. అందులో గుణాలన్నీ జంటలు. దయకి ఎదురు క్రౌర్యం, శౌర్యానికి ఎదురు పిరికితనం, రెండూ కలిపితే 20. ఒక గుణం బాగా పెరిగిందనుకోండి, ఆటగాడు వద్దనుకున్నా దానిమీద పాచిక వేయాల్సి రావచ్చు. బాలచంద్రుడికి శౌర్యం 19 పెట్టండి. సంధి ముందుకొచ్చినప్పుడు మీ చేతిలో ఏముంటుంది? పాచిక ఉంటుంది. అంతే.

ఇక నాగమ్మ. ఇక్కడ మన కుర్రాళ్లు పెద్ద పొరపాటు చేశారు. ఆమెని గేమ్ మాస్టర్ చేతిలో విలన్‌గా వదిలేశారు. ఆడతానని ఎవరూ ముందుకు రాలేదట. సినిమావాళ్లకి ఆ విలువ తెలుసండీ. 1947 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ, 1966లో భానుమతి వేశారు ఆ పాత్ర. ఊళ్లో పుట్టిన ఒక వితంతువు, మగవాళ్ల దర్బారులో మంత్రి పదవి దాకా వచ్చింది. ఆ కుర్చీ ఆమెకి ఎవరి వారసత్వంగానూ రాలేదు, ఒక్కసారి ఓడితే మళ్లీ దొరకదు. రాయబారానికి వచ్చిన అలరాజుకి విషం పెట్టించిందని కథ ఆమె మీదే వేస్తుంది. ఆ పని తప్పే. కానీ ఆ కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే, ఆమెకి ఆ తప్పు ఎందుకు తప్పనిసరి అనిపించిందో ఆడేవాడికి తెలుస్తుంది.

ఇవాళ ఈ పేర్లు ఎత్తాలంటేనే భయం. ఒకరు మావాడంటారు, ఇంకొకరు మా ఆడపడుచంటారు, ఎవరికీ చిన్న తప్పు కూడా అంటనివ్వరు. నిజానికి ఈ కథని ఏటా భుజాన మోస్తున్నవాళ్లకి ఆ భయం లేదు. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరాచారవంతులు కొణతాలు పట్టుకుని వస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. గమనించారా? ఓడిపోయిన కోడిపందానికి ఒక రోజు, విషంతో ముగిసిన రాయబారానికి ఒక రోజు. తమ వీరులు చేసిన పొరపాట్లని పండగలోంచి తీసేయలేదు వాళ్లు.

ఆ కుర్రాడికి నేను చెప్పింది ఒకటే. వచ్చే ఆదివారం బాలచంద్రుణ్ణి స్నేహితుడికి ఇచ్చి, నువ్వు నాగమ్మని తీసుకో అన్నాను. ఫోన్ అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "సార్, అలరాజు వచ్చినప్పుడు నేను విషం పెట్టకపోతే ఏమవుతుంది?" అని అడిగాడు.

ఆడి చూడమన్నాను.