కలుగు వేట

రెండేండ్ల క్రిందట మా పాఠశాలలో తొమ్మిదవ తరగతివారికి ఆంగ్లపాఠము చెప్పుచుండగా 'ఫెరెట్' అను మాట వచ్చినది. అదేమని ఒక విద్యార్థి యడిగెను. ముంగిసవలె నుండు చిన్నజంతువనియు, సీమలో దానిని కుందేటి కలుగులోనికి వదలి వేటాడుదురనియు చెప్పితిని. వెనుక బల్లనుండి యొక పిల్లవాడు లేచి "కుందేలుకు కలుగు ఉండదు సార్" అనెను. వాని తాత యొకప్పుడు వలలు పన్ని కుందేళ్లను పట్టినవాడు. నాకు వెంటనే సుశ్రుతము జ్ఞప్తికి వచ్చినది. అందు మాంసవర్గమున శశమును బిలేశయములలో, అనగా కలుగులలో పరుండు జంతువులలో, ఉడుముతోను ముంగిసతోను ఎలుకతోను చేర్చి చెప్పియున్నారు. ఇంతటి ప్రమాణము చేతనుండగా వెనుకబల్ల పిల్లవాని మాటకు విలువ యేమి? కూర్చుండుమంటిని. వాడు కూర్చుండెను. తరగతి నవ్వెను.

ఆ సాయంకాలము ఇంటికి పోయి చరకము తీసి చూచితిని. అందు భూమిశయములను జంతువుల పట్టికలో శశము లేదు. జాంగలమృగములలో, మెట్టబయళ్లలో తిరుగు లేళ్ల సరసన నున్నది. ఇద్దఱాచార్యులలో నా పిల్లవాడు చరకుని పక్షమువాడని తేలినది.

నిజమునకు మన దక్కను నేలమీది కుందేలు, మెడవెనుక నల్లని మచ్చగల జాతి, కలుగు త్రవ్వదు. పగటివేళ గడ్డిదుబ్బు క్రిందనో కంపపొద మొదటనో తన మేని యొరపిడిచే నేర్పడిన చిన్నపల్లములో, చెవులు వీపున కానించుకొని పడియుండును; చీకటిపడిన పిమ్మట మేతకు వెడలును. కుక్కలు తఱిమినప్పుడు మాత్ర మొక్కొక్కసారి యే నక్క బొరియలోనో దూరును. సుశ్రుతము చెప్పినది దానిని చూచియేమో. దీని పిల్లలు బొచ్చుతో, తెఱచిన కన్నులతో పుట్టి, పుట్టిన కొలది కాలమునకే గంతులు వేయును. ఐరోపాఖండపు సీమకుందేలు వేఱు జాతి. అది గుంపులుగా నేలలోపల నగరములు కట్టుకొనును; దాని పిల్లలు బొచ్చులేక, కన్నులు తెఱవక చీకటి కలుగులో పుట్టును. మనము రెంటికి నొకటే పేరు పెట్టితిమి. తెలంగాణపు పల్లెలలో చెవులపిల్లి యనుట ఎంతో అందముగా నుండును గాని, ఆ పేరును ఈ రెంటిని వేఱుచేయదు.

మఱునాడు తరగతిలో నా తప్పు నొప్పుకొంటిని. ఈ వ్యాస మా తప్పునుండియే పుట్టినది.

సీమకుందేలి మొదటి నివాసము స్పెయిను దేశము. రోమక చక్రవర్తియైన అగస్టసు కాలమున (క్రీ.పూ. 27 – క్రీ.శ. 14) ఆ దేశమునకు తూర్పున సముద్రములోనున్న బలియారికు ద్వీపములలో కుందేళ్లు పంటల నన్నిటిని తినివేయగా, ద్వీపవాసులు తమకు సైనికుల సాయము పంపుమని చక్రవర్తిని వేడుకొనిరని ప్లినీ వ్రాసినాడు. నవ్వవలసిన మాట కాదు. పంట పోయినవానికి కుందేలును శత్రువే. అదే తరమునాటి భూగోళకారుడు స్ట్రాబో మఱియొక యుపాయమును చెప్పెను. ఆఫ్రికానుండి తెచ్చిన యొకజాతి చిన్నజంతువులను పెంచి, మూతికి చిక్కము కట్టి కలుగులలోనికి వదలుదురట. అవి కుందేళ్లను గోళ్లతో బయటి కీడ్చును, లేదా బయటికి తఱుమును. వెలుపల కాచియున్నవారు పట్టుకొందురు. పండితులు దీనినే ఫెరెట్టునకు మొదటి జాడగా నెంచుచున్నారు.

ఫెరెట్టు పోల్‌క్యాట్ అను ఐరోపా అడవిజంతువునకు సాధుజాతి. చూపునకు ముంగిసను పోలినను ముంగిసకు చుట్టము కాదు. మన చెఱువులలోని నీటికుక్కకు దాయాది. దాని పేరునకు లాటినులో చిన్నదొంగ యని యర్థము. ఈ దొంగను పనిలో పెట్టుట యెట్లో ఇంగ్లాండు పల్లెవారి రీతి చెప్పెదను. పిల్లగా నున్నప్పటినుండి దినదినము చేతితో నెత్తి మచ్చిక చేయవలెను. ఆలస్యము చేసినచో వ్రేలు కఱచును. పొడిగానుండు పెట్టెలో గడ్డిపఱచి యుంచి, పచ్చిమాంసము పెట్టవలెను. క్రొత్తవాడు ఆడుదానితో నారంభించుట మేలు. దాని సన్నని మేను ఇఱుకు కలుగులో సులువుగా తిరుగును. వేటదినమున దాని కడుపు నిండుగా నుండరాదు, ఆకలితో మాడియు నుండరాదు. శీతకాల మందులకు తగినది. పొదల ఆకు రాలి కలుగుల నోళ్లు కనబడును, లోపల పసికూనలు తక్కువగా నుండును. వేటగాండ్రు చప్పుడు చేయక పోయి, కనబడిన ప్రతి నోటిమీదను సంచివల పఱచి మేకు దిగగొట్టి, అప్పుడొక నోటినుండి ఫెరెట్టును వదలుదురు. నేలలోపల కుందేలు వెనుకకాలితో దబదబ తన్నిన చప్పుడు వినవచ్చును. తరువాత నొక క్షణములో అది వలలో నుండును.

ఇందు పెద్దచిక్కొకటి కలదు. ఫెరెట్టు లోపలనే కుందేలును చంపి, తిని, వెచ్చగా నిద్రపోవచ్చును. అప్పుడు వేటగాడు చలిలో కలుగునోట కూర్చుండి యెదురుచూడవలసినదే. మూతిచిక్కము, మెడకు గంట, నడుమునకు పొడవైన దారము, తుదకు గునపము, ఇవి యన్నియు నీ నిద్రకు మందులుగా పుట్టినవే. నేడు మెడపట్టీకి చిన్న రేడియో యంత్రము తగిలించి అది యెచ్చట నున్నదో పైనుండి కనిపెట్టుచున్నారు. ఐనను త్రవ్వక తప్పదు.

ఇది చదివి మన యువకులెవరైన ఫెరెట్టును తెప్పింప బూనుదురేమో యని భయపడను. మన కుందేలునకు కలుగు లేదు. మన వేసవి కా జంతువు బ్రతుకదు.

నన్నీ జంతువుకంటె నెక్కువగా నాకర్షించినది దాని చట్టము. 1381లో ఇంగ్లాండు రైతుకూలీలు తిరుగబడిరి. తొమ్మిదేండ్లకు, 1390లో, రెండవ రిచర్డు ప్రభుత్వము ఒక శాసనము చేసినది. ఏటికి 40 షిల్లింగుల రాబడిగల భూవసతి లేని పనివాడుగాని కూలిగాని, 10 పౌనుల రాబడి లేని పూజారిగాని వేటకుక్కను, ఫెరెట్టును, వలను ఉంచుకొనరాదు. ఉంచుకొన్నచో ఏడాది చెఱ. కారణమును దాచుకొనలేదు. మంచి క్రైస్తవులు గుడిలోనున్న పండుగదినములలో వీరు వేట యను నెపమున గుమిగూడి కుట్రలు పన్నుచున్నారట! అఱచేతిలో నిమిడెడు జంతువును చూచి రాజ్యము జడిసినదన్నమాట. సాగుచేయు కౌలుదారునకు తన చేనిలోని కుందేలును పట్టుకొను హక్కు తిరుగులేకుండ దొరకినది 1880 నాటి చట్టముతో. నడుమ దాదాపు 500 ఏండ్లు.

ఇక మన దేశము మాట. కల్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున మానసోల్లాసమను గ్రంథమును రచించెను. మన హనుమకొండలో రెండవ ప్రోలరాజు ఆ చాళుక్యులకు సామంతుడుగా నున్న కాలమది. అందు డేగవేట, కుక్కలవేట, మృగముల వేట, చేపల వేట వేర్వేఱు వినోదములుగా వర్ణితములైనవి. సంస్కృతములో డేగకు శశాదనమని యొక పేరు కలదు. కుందేళ్లను తినునది యని యర్థము. కలుగులేని కుందేలునకు పైనుండి వచ్చు వేటకాడు తగినవాడు. మన ఫెరెట్టు ఆకాశమున నుండెనని చెప్పవచ్చును. సాళువమన్నను డేగయే, విజయనగరము నేలిన సాళువ నరసింహుని యింటిపేరులో నున్నదీ పక్షియే. డేగల పెంపకమునకు, తిండికి, జబ్బులకు శ్యైనికశాస్త్రమని ప్రత్యేకగ్రంథమే కలదు. దానిని రచించినవాడు రుద్రదేవుడు. ఈ పేరు వినగానే మా వరంగల్లువారు పొంగిపోవుదురు గాని, అతడు వేయిస్తంభములగుడి కట్టించిన కాకతి రుద్రదేవుడు కాడు. 16వ శతాబ్దమున హిమాలయప్రాంతమున కుమావూను నేలిన రాజు. ఆ గ్రంథమును హరప్రసాదశాస్త్రిగారు 1910లో కలకత్తాలో ప్రకటించిరి. కుందేళ్లవేటకు సియాగోషను నల్లచెవుల పిల్లిని మచ్చిక చేసిన ప్రభువులును, లేళ్లమీదికి చీతాలను వదలినవారును ఉత్తరదేశమున నుండిరి. ఆ చీతా మన దేశమున నశించినదని 1952లో ప్రకటింపబడినది. 2022లో ఆఫ్రికానుండి తెచ్చి కూనో అడవిలో వదలినారు.

ఇవన్నియు ప్రభువుల జంతువులు. కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతియగు జాయపసేనాని నృత్తరత్నావళిని రచించెను. ఆయన బిరుదు గజసాహిణి యని నేటికిని చెప్పుకొందుము. ఏనుగులవానికి బిరుదున్నది, డేగకు శాస్త్రమున్నది. ఎలుకల పట్టువానికేమున్నది? క్రీడాభిరామము ఓరుగంటి వీధులలోని కోడిపందెములను, పొట్టేళ్ల పందెములను చూపినది. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘికచరిత్రలో అట్టి కావ్యములనుండియే జనుల బ్రతుకును వెలికి తీసిరి. కాని కవి వీధివఱకు వచ్చెను, పొలముగట్టువఱకు రాలేదు.

ఆ గట్టుమీదనే మన అసలైన కలుగువేట జరిగినది. అది కుందేలుకొఱకు కాదు, ఎలుకకొఱకు, పందికొక్కుకొఱకు. నెల్లూరు, గుంటూరు మండలముల యానాదులు ఇందు ప్రసిద్ధులు. మొదట గట్టంతయు తిరిగి కలుగునకెన్ని నోళ్లున్నవో చూచి, ఒక్కటి తప్ప తక్కినవానిని బురదతో మూయుదురు. అడుగున చిల్లిగల కుండలో గడ్డి కుక్కి, నిప్పంటించి, కుండమూతిని ఆ మిగిలిన నోటికానించి, చిల్లినుండి నోటితో నూదుదురు. పొగ లోపలికి పోవును. ఎచ్చటనైన నేలనుండి సన్నని పొగ లేచినచో అది తాము చూడని దొంగవాకిలి, దానిని మూయుదురు. పిమ్మట త్రవ్వి, సొమ్మసిల్లిన ఎలుకలను పట్టి, అవి దాచిన వడ్లవెన్నులను గూడ తీసికొందురు. కోతలైన పిమ్మట చేను లేని యింటికి ఆ వెన్నులే చేను. రైతునకు పంట మిగిలినది, పట్టువానికి కూడు దొరకినది. సంచివలలు పఱచు ఇంగ్లాండు పల్లెవానికిని, బురదముద్దతో కూర్చుండు యానాదికిని మొదటి సూత్రమొక్కటే: ముందు వాకిళ్లన్నియు తెలియవలెను. ఒకనికి లోపలికి పోవునది జంతువు, మఱియొకనికి పొగ.

ఒక చిత్రము చెప్పెదను. పందికొక్కు అను మన తెనుగుమాటయే ఆంగ్లమున బాండికూట్ ఐనది. అచ్చటినుండి ఆస్ట్రేలియాలోని, ఎలుకకు సంబంధమే లేని, యొక జంతువునకు గూడ తగులుకొన్నది. మాట సముద్రములు దాటినది; ఆ మాటను వారికి నేర్పిన మనుష్యుని పేరు మాత్ర మెచ్చటను లేదు.

జంతువునే లోనికి పంపు పద్ధతి మనవారికి తట్టలేదా యనినచో, సుందరవనములలో వంగదేశపు జాలరులు నీటికుక్కలను త్రాట కట్టి, చేపలను వలలోనికి తఱిమింతురు. ఫెరెట్టు దాయాది ఫెరెట్టు పనియే నీటిలో చేయుచున్నది. ముంగిసను మన యిండ్లలో పాములకొఱకు, ఎలుకలకొఱకు పెంచుట కలదు గాని, వేటకు దింపిన జాడ నాకు కనబడలేదు. దానిని పనిలో పెట్టినవారు తెల్లదొరలు. 1872లో కలకత్తానుండి తొమ్మిది ముంగిసలను జమైకా చెఱకుతోటలకు ఎలుకలమీదికి కొనిపోయిరి. 1883లో ఫిజీకి చేర్చిరి. మదరాసు రేవునుండి మన తెలుగుకూలీలు ఆ తోటలకు పోవుట 1903లో మొదలైనది, అనగా ముంగిస మనకంటె ఇరువదేండ్లు ముందు పోయిన కూలి. ఎలుకలు తఱుగలేదు, ఆ దీవుల పక్షులు తఱిగినవి. న్యూజీలాండులో కుందేళ్లమీదికి వదలిన ఫెరెట్టులును అట్లే ఎగురలేని పక్షులను తినమరిగినవి. చేతిలోనున్నంతవఱకు అది పనిముట్టు, చేయి విడిచినచో తెగులు.

మన చట్టముల దగ్గఱకు వచ్చెదను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముచే కుందేలువేట నేరమైనది. ముంగిసను పట్టి పెంచుటయు నేరమే. ఈ చట్టము 1390 నాటి దానివలె మనుష్యుని రాబడి చూడదు. కుందేలు బ్రతుకవలసినదే, అందు నాకు సందేహము లేదు. కాని అంతకుముందే అడవిచట్టములు అడవివాని చేయి కట్టివేసియుండెను. 1940లో జోడెఘాటులో కొమురము భీము ప్రాణములు విడిచినది ఆ కట్లమీద తిరుగబడియే. 2006 నాటి అటవీహక్కుల చట్టము భూమిని, ఫలసాయమును ఇచ్చి, వేటను మాత్రము మినహాయించినది. భద్రాచలపు కోయలు విత్తనముల పండుగనాడు వేటకు పోయి వట్టిచేతులతో వచ్చినచో, స్త్రీలు బురద చల్లి యెగతాళి చేయుట యాచారముగా నుండెను. వేట పోయిన పిమ్మట ఆ విద్యయు పోవుచున్నది. డేగజబ్బులను వ్రాసియుంచిన దేశమున, పొగకుండ చిల్లి యెంత యుండవలెనో ఎవరును వ్రాయలేదు.

అందుచే గడచిన సంక్రాంతి సెలవులలో ఆ పిల్లవాని వెంట, వరంగల్లునకు ఆమడదూరముననున్న వాని పల్లెకు పోయితిని. తాతకు ఎనుబది యేండ్లుండును. కుందేళ్లవల చూపుమనగా, చూరునుండి తీసి చూపెను. జనుపనార వల, నిలిపినచో తొడయెత్తు, పొడవు రెండిండ్ల వాకిళ్లంత. ఇప్పుడు గడ్డిమోపులు కట్టుటకు వాడుచున్నారు. గాలి యెదురుగా నుండునట్లు పన్నవలెననియు, కుందేలు మెట్టకే పరుగెత్తును గాన పల్లమునుండి తఱుమవలెననియు ఆయన చెప్పెను, నేను వ్రాసికొంటిని. (కుందేలి వెనుకకాళ్లు పొడవు, ఎక్కుటలో దానిని మించునది లేదు. ఈ సంగతి నాకు ఏ సంహితలోను దొరకలేదు.)

తరువాత నేను ఫెరెట్టును వర్ణించితిని. మూతిచిక్కము సంగతిగాని, దారము సంగతిగాని చెప్పలేదు. కలుగులోనికి పోయి తఱుమునని మాత్రమే చెప్పితిని. ఆయన కొంతసేపు చుట్టనమలి, మనుమనివైపు చూచి, నావైపు చూచి, ఇట్లనెను:

"అంత మంచిగనే ఉన్నది గని సారూ, గది బొక్కలనే కొట్టి, తిని, పండుకుంటే ఎట్ల? మల్ల తవ్వుడేనాయె!"