బరోడా విద్యార్థివేతనము

విద్యానిధికి చందా యొసంగుట పుణ్యకార్యమని మన సంఘములన్నియు నెఱుగును. ఆ ధనమును ఎంతకాలము, ఏ నిబంధనలతో నొసంగవలయునని యాలోచించినవా రరుదు. ఈ విషయమున డాక్టరు అంబేద్కరుగారికి బరోడా సంస్థానమువారు చేసిన సాయముయొక్క చరిత్ర తెలిసికొనదగియున్నది.

అంబేద్కరుగారు 1907లో మెట్రిక్యులేషనునం దుత్తీర్ణులైరి. పై చదువునకు తండ్రిగారి శక్తి చాలలేదు. మరాఠీ గ్రంథకర్తలగు కేలూస్కరుగారి సిఫారసుపై సయాజీరావు గైక్వాడు మహారాజావారు నెలకు 25 రూపాయలు మంజూరు చేసిరి. 1912లో బి.ఏ. పట్టము లభించెను. 1913 జూన్ నెలలో వేఱొక యొడంబడిక జరిగెను: అమెరికాలో చదువుటకు మూడేండ్లపాటు నెలకు 11½ పౌండ్లు, ప్రతిగా పదేండ్లు సంస్థానమునకు కొలువు. కొలంబియా విశ్వవిద్యాలయమున 1915లో ఎం.ఏ. ముగించి, మరుసటి యేట లండను చేరిరి. 1917లో వేతనపు గడువు తీరెను. పరిశోధన సగములో విడిచి, ఒడంబడిక చొప్పున బరోడాకు రావలసివచ్చెను.

అచట కొలువు దొరకెను గాని బస దొరకలేదు. పారసీ సత్రమున మాఱుపేరుతో దాగియుండగా, పదునొకండవ దినమున కఱ్ఱలు చేతబట్టినవారు వచ్చి వెడలగొట్టిరి. సముద్రముల కావలి చదువునకు వ్యయము భరించిన సంస్థానము తన రాజధానిలో నొక గదిని జూపజాలకపోయెను! మహారాజావారి యౌదార్యమును తగ్గించుట నా యుద్దేశము గాదు. 1906లోనే తన రాజ్యమంతటను నిర్బంధ ప్రాథమికవిద్యను నెలకొల్పిన ప్రభువాయన. ఐనను, వేతన మొక్కటియే చాలదని యీ యుదంతము చెప్పుచున్నది. హైదరాబాదులో 1918లో రెడ్డి వసతిగృహమును స్థాపించినవారు పట్టణమునకు వచ్చు పల్లెవిద్యార్థికి మొదట కావలసినది నివాసమని గ్రహించినవారే.

సగమైన చదువు పూర్తియగుటకు మఱి యాఱేండ్లు పట్టెను. 1918లో బొంబాయి సిడెన్‌హాం కళాశాలలో నాచార్యులై జీతములో మిగిల్చినదియు, కొల్హాపురపు శాహూ మహారాజావారి సాయమును, ఒక మిత్రుని యొద్ద దెచ్చిన 5,000 రూపాయల యప్పును జేర్చుకొని 1920లో మరల లండను వెళ్లిరి. 1923లో డి.ఎస్‌సి. పట్టము వచ్చెను.

1942లో వైస్రాయి కార్యనిర్వాహకసభలో సభ్యులైన యేడే అంబేద్కరుగారు షెడ్యూల్డు కులముల విద్యకు ధనసాయము కోరుచు ప్రభుత్వమునకు విజ్ఞాపనపత్రము నిచ్చిరి. 1944లో ఏటికి 3 లక్షల రూపాయల చొప్పున అయిదేండ్లకు మంజూరాయెను. మెట్రిక్ పై చదువులకు కేంద్రప్రభుత్వ మిచ్చు విద్యార్థివేతనమునకు నాంది యిదియే, నేటికిని సాగుచున్నది. దానికి కొలువు షరతు లేదు.