దీర్ఘకాలిక రక్తార్బుదములు: ఔషధేతరోపశమన చరిత్ర

రక్తార్బుదమనగానే జనులు నెలలలో ప్రాణము తీయు తీవ్రవ్యాధినే తలంతురు గాని, మూలుగలో కణములు మెల్లమెల్లగా మితిమీరి పుట్టుచు, రోగిని ఏండ్ల తరబడి వెంబడించు జాతియు నొకటి గలదు. ఎఱ్ఱకణములు పెరుగు పాలిసైథీమియా వీరాను 1892లో పారిసు వైద్యుడు వాకే వర్ణించెను. దానిని, మైలోఫైబ్రోసిస్ మొదలగు తోడివ్యాధులను 1951లో అమెరికను వైద్యుడు డామెషెక్ ఒక కుటుంబముగా కూర్చెను.

ఈ కుటుంబమున మిక్కిలి పాతదైన చికిత్స మందు కాదు, రక్తమోక్షణము. సుశ్రుతసంహిత శారీరస్థానమున సిరావ్యధమున కొక అధ్యాయమే గలదు; అంతమాత్రమున సుశ్రుతు డీ వ్యాధి నెఱుగునని వాదించుట సాహసము. నేడు పాలిసైథీమియా వీరాలో చిక్కబడిన రక్తమును తూరికి సుమారు 350 మొదలు 450 మిల్లీలీటర్ల వఱకు తీసి, హెమటోక్రిట్‌ను, అనగా రక్తమున ఎఱ్ఱకణముల పాలును, 45 శాతమునకు దిగువ నిలుపుదురు. ఈ హద్దు మేలైనదని ఇటలీలో 365 మందిపై జరిగిన పరిశోధన 2013లో నిరూపించెను. రక్తము తీసిరను దిగులుతో ఇంటివారు ఐరన్ మాత్రలు మ్రింగించుట కద్దు. వైద్యు డెఱుగకుండ నట్లు చేసినచో తగ్గించిన ఎఱ్ఱకణములే మరల పెరుగును.

కణములను లెక్కించిన శాస్త్రమునకు రోగి బాధను లెక్కించుటకు చాల కాలము పట్టినది. 2007లో ఈ వ్యాధులు గల 1179 మందిని ప్రశ్నించి మేసా అను వైద్యుని బృందము ప్రకటించిన ఫలితములలో, నూటికి ఎనుబదిమంది నీరసమును చెప్పుకొనిరి. రెండవది దురద. హైదరాబాదు సీతాఫల్‌మండి ఇరుకు సందులలో చలికాలపుటుదయమున వేన్నీళ్ల బకెట్టు ముగించి తుండుతో ఒడలు తుడుచుకొను మనిషికి, దద్దురొక్కటియు లేకయే, సూదులు గ్రుచ్చినట్లు దురద పుట్టి గంటసేపైనను వదలకుండును. గోరువెచ్చని నీరు, రుద్దక అద్దుట, పిమ్మట కొంచెము నూనె పూయుట: కొందఱికి వీనితో ఊరట కలుగును. ప్లీహము పెరిగి ఎడమ డొక్క బరువెక్కినవారు ఒక్కసారి కడుపునిండ తినక, కొద్దికొద్దిగా పలుమారులు తినుట మేలు.

యోగము అమెరికాలోని అరిజోనా చుట్టి వచ్చుట చిత్రము! అచ్చటి హ్యూబర్టీ బృందము వారమున కొక గంట చొప్పున 12 వారములు ఈ రోగులచే ఇంటనుండియే ఆసనములు వేయించి, 2019లో ప్రకటించిన చిన్న ప్రయోగమున నిద్ర, నొప్పి, ఆందోళనల విషయమున కొంత మేలు గనిరి. ప్రయోగము చిన్నది గావున గట్టిగా చెప్పుట తొందరపాటగును. పెరిగిన ప్లీహముపై ఒత్తిడి పడు ఆసనములు మాత్రము కూడవు.

సీతాఫల్‌మండి వాసి లక్డీకాపూల్ చేరినచో, 1955లో రెడ్‌హిల్స్‌లో వెలసిన ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరనే యున్నది. అచ్చట ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగము గలదు. స్నానానంతరము దద్దురు లేని దురద మాటిమాటికి పుట్టువారు, చర్మవ్యాధియని సరిపెట్టుకొనక, ఒకసారి రక్తకణములను లెక్కించు సీబీసీ పరీక్ష చేయించుకొనవలెను.